ఉప్పల్ బస్టాపులో మా ఖోఖో మేడం

మా ఖోఖో మేడం ఇక లేరు. మంగళవారం పొద్దున మంజుల ఫోన్ చేసి, "మేడం పోయిన్రే" అని ఏడ్చింది. నాచారంలో మేం చదివిన బడిలో ఆమె ఆటల టీచర్. మంజుల, నేను ఆమె జట్టులో ఆడినవాళ్లం. ఆమెను తలుచుకుంటే నాకు మైదానం కంటే ముందు భువనగిరి బస్సు గుర్తొస్తుంది.

రెండువేల ఐదో, ఆరో సంవత్సరం. భువనగిరిలో పోటీలు. నాచారం నుంచి షేర్ ఆటోల్లో ఉప్పల్ చేరి బస్సు కోసం నిలబడ్డాం. మాలో చాలామంది అమ్మానాన్నలు తెల్లవారుతూనే ఫ్యాక్టరీ షిఫ్టులకు పోయేవాళ్లు. ఇంట్లో ఏదన్నా తిని వచ్చామో లేదో చూసేవాళ్లు ఉండరు. బస్టాపు పక్క బండి మీద మిర్చిబజ్జీలు వేగుతున్నాయి. మంజుల పొట్లం కట్టించుకుంది. మేడం చూసి, ఆ పొట్లం లాక్కుని బండి మీదే పెట్టేశారు.

"మ్యాచ్ ముంగట గీ నూనె తింటే కడుపు పట్టుకొని కూసుంటవ్. ఇగ ఏం ఉరుకుతవ్?"

మంజుల తల దించుకుంది. అంతలో బస్సు వచ్చింది.

బోడుప్పల్ దాటాక ముందెక్కడో లారీ అడ్డం తిరిగి రోడ్డంతా ఆగిపోయింది. బస్సులో కాలు కదిపే చోటు లేదు. కిటికీ ఊచలు చేయి పెడితే కాలుతున్నాయి. మంజుల నా చేయి పట్టుకుంది. ఆ ఎండలోనూ ఆమె అరచేయి చల్లగా, తడిగా ఉంది. "కండ్లు తిరుగుతున్నయే" అంటూనే నా ఒళ్లోకి ఒరిగిపోయింది.

నా కేకకు మేడం జనాన్ని తోసుకుంటూ వచ్చారు. సీటు ఖాళీ చేయించి పడుకోబెట్టి, కాళ్ల కింద బ్యాగులు పెట్టారు. మంజుల కళ్లు తెరవగానే అడిగారు.

"పొద్దున ఏం తిన్నవ్ బిడ్డా?"

"ఏం తినలే మేడం. రాత్రి గూడ సరిగ తినలే."

మేడం ముఖం పాలిపోయింది. ఆ పొట్లం ఆమెకు గుర్తొచ్చి ఉంటుంది. "తల పట్టుకోన్రి, నేనిప్పుడే వస్త" అని బస్సు దిగి, లారీల మధ్య నుంచి వెనక్కి ఉరికారు. దూరంగా ఒక పండ్ల బండి కనిపిస్తోంది. ఆమె అక్కడికి చేరారో లేదో, మా బస్సు కదిలింది.

"అన్నా, ఆపు! మా మేడం దిగిన్రు!" అందరం అరిచాం.

"ఎనక బండ్లు మొత్తుకుంటున్నయ్, ఏడ ఆపాలె?" అంటూనే కండక్టర్ ఆపమని విజిల్ వేశాడు. ఆ హారన్ల మోతలో డ్రైవర్‌కు వినపడలేదు. మంజుల మళ్లీ కళ్లు మూసుకుంది. కిటికీలోంచి చూస్తే, చీర కొంగు నడుముకు దోపి, అరటిపండ్లు గుండెకు అదిమిపట్టుకుని మేడం ఉరికి వస్తున్నారు. మెల్లగా కదులుతున్న బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి కండక్టర్ చేయి అందించి ఎక్కించుకున్నాడు.

లోపలికి రాగానే మంజులను లేపి కూర్చోబెట్టి, పండు చిన్న ముక్క నోట్లో పెట్టారు. "మెల్లగ నములు. తొందర లేదు." ఘట్‌కేసర్ వచ్చేసరికి మంజుల ముఖంలో కళ వచ్చింది. అప్పుడు గానీ మేడం కూర్చోలేదు.

ఆ రోజు మంజులను ఆడనివ్వలేదు. మేం ఓడిపోయాం. తన వల్లే ఓడామని మంజుల ఏడుస్తుంటే, "ఆట మళ్ల వస్తది. నీకేమన్న అయితదేమోనని నా పానం పోయింది" అన్నారు.

తర్వాతి పోటీలకు అదే బస్టాపులో మమ్మల్ని చుట్టూ నిలబెట్టుకున్నారు. "తినొద్దని చెప్పుడు అల్కనే, ఎవలైన చెప్తరు. మరి ఏం తినాల్నో నేను చెప్పలే. తప్పు నాదే. రాన్రి, సూద్దాం."

అప్పటి నుంచి ఏ ఊరెళ్లినా బస్సెక్కే ముందు బండ్లన్నీ తిప్పేవారు. ఆవిరి పొగలొచ్చే ఇడ్లీ, ఉడకబెట్టిన గుడ్డు, అప్పుడే కాల్చిన జొన్నరొట్టె, జామకాయలు ఉంటే మాకు పండగే. మూకుట్లో నూనె నల్లగా ఉంటే "పా పా" అని ముందుకు నడిపించేవారు. కోసి పెట్టిన పండ్ల మీద ఈగ వాలితే అటు చూడనిచ్చేవారు కాదు. "ఆకలి ముదిరినంక కండ్లకు బజ్జీ తప్ప ఏం కనపడది. జర ముందుగాలనే సూసుకోవాలె" అనేవారు. ఆట అయ్యాక మాత్రం తలా ఒక బజ్జీ ఇప్పించేవారు. అందరికంటే ఇష్టంగా తినేది ఆమే.

నేనిప్పుడు ఉద్యోగానికి రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతాను. టిఫిన్ బండి ముందు నిలబడినప్పుడల్లా, ఆర్డర్ చెప్పే ముందు ఒక్క క్షణం మూకుడు వైపు చూస్తాను.

పోయిన నెల రామంతాపూర్‌లో మేడం వాళ్లింటికి వెళ్లాను. గొంతు జబ్బుతో అప్పటికే ఆమె ఏదీ మింగలేకపోతున్నారు. మాట కూడా రావడం లేదు. ఆఫీసు నుంచి నేరుగా, ఏమీ తినకుండా వచ్చానని నా ముఖం చూసి పోల్చుకున్నట్టున్నారు. తోడుగా ఉన్న వాళ్లక్కకు వంటింటి వైపు చేయి చూపించారు. వద్దంటే ఊరుకోలేదు. ఆమె మంచం పక్కనే కూర్చుని పెరుగన్నం తిన్నాను. ఆమె దిండుకు ఆనుకుని నన్నే చూస్తున్నారు. నేను ముద్ద మింగినప్పుడల్లా ఆమె గొంతు కూడా చిన్నగా కదిలింది.