చెయ్యి ఆగితే మార్కు

మా నాటకం మాస్టారు పోయారు. పొద్దున్నే స్కూలుకి వెళ్దామని గుడివాడ సెంటర్లో ఆటో కోసం నిలబడి ఉంటే అమ్మగారి దగ్గర్నుంచి ఫోను. అమ్మగారంటే మాస్టారి భార్య. "అమ్మాయ్, మీ మాస్టారు వెళ్ళిపోయారమ్మా. కాఫీ కలిపి తీసుకెళ్ళేసరికే..." అని ఆగిపోయింది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. "మీరు కాఫీ తాగారా అమ్మగారూ?" అని అడిగాను. ఇదేం ప్రశ్నో! "తాగాలిలే" అని ఫోను పెట్టేసింది.

పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దణ్ణం బొమ్మలు వచ్చాయి, పూలు వచ్చాయి. వాటి కిందే ఒకడు పామర్రు దగ్గర స్థలాలు అమ్మకానికి ఉన్నాయని బొమ్మ పెట్టాడు. వాడి నోట్లో మన్నుపొయ్య. రెండేళ్ళు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే.

మీకెవరికీ ఆయన తెలీదు. జిల్లా పేజీలో కూడా వార్త రాలేదు. బందరులో ఒక కాలేజీలో థియేటర్ ఆర్ట్స్ డిప్లొమా ఉండేదని, దాన్ని ఆయనొక్కడే నెత్తిన పెట్టుకుని నడిపాడని చెబితే "అలాంటి కోర్సు కూడా ఉంటుందా?" అంటారు. ఉండేదండీ. ఇప్పుడు లేదు. అదెలా పోయిందో చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నా వల్ల కాదు.

నేను ఆ కోర్సులో చేరింది నాటకం మీద ప్రేమతో కాదు, బీకాంలో సీటు రాక. మొదటి ఏడాది పరీక్షనాడు మాస్టారు హాల్లో స్టేజీ అంచుకి ఆనించి ఒక స్టూలు వేసుకున్నారు. వేసుకుని, మాకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి కూర్చున్నారు. జనమంటే పెద్దమనుషులెవరూ కాదు. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకీ గొలుసులకీ మెరుగు పెట్టేవాళ్ళు, కాలేజీ ఎదురుగా మిషను కుట్టే సాయిబుగారు, వాచ్‌మన్ భార్య, పిల్లల అమ్మలూ అత్తలూ. పరీక్ష ఎప్పుడూ వాళ్ళ సెలవు రోజునే పెట్టేవారు. ముందురోజు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి "రేపు మా పిల్లలకి పరీక్ష, మీరు రాకపోతే మార్కులు పడవు" అని పిలిచి వచ్చేవారు. అది అలంకారానికన్న మాటేమో అనుకున్నాను. కాదు, నిజంగానే పడవు.

ఆ రోజు నాది మొగుడు తన్నిన ఆడమనిషి వేషం. వెక్కి వెక్కి ఏడ్చాను. నిజం కన్నీళ్ళు. ఈయన ఒక్కసారి తల తిప్పితేనా! నాకు ఒళ్ళు మండిపోయింది. అయ్యాక వెళ్ళి అడిగేశాను.

"మాస్టారూ, మీరు అసలు చూళ్ళేదు."

"నువ్వేం చేస్తున్నావో నా చెవులకి తెలుస్తూనే ఉంది. వాళ్ళకేమవుతోందో చూడద్దూ?"

"ఏమయింది మరి?"

"ఆ మూల పెద్దావిడ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. నువ్వు ఏడ్చినంతసేపూ ఒలుస్తూనే ఉంది. తర్వాత ఏడుపు ఆపి, కొంగుతో గిన్నె తుడవడం మొదలెట్టావు చూడు. అప్పుడు గింజ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ గిన్నెకి మార్కు వేశాను. ఏడుపుకి వెయ్యలేదు."

అదీ ఆయన పద్ధతి. చెయ్యి ఆగిందా లేదా. విసనకర్ర ఊపే చెయ్యి, పిల్లాణ్ణి జోకొట్టే చెయ్యి, చెమట తుడుచుకునే చెయ్యి. "మొహాలు చూడకమ్మా, మొహాలకి మర్యాద తెలుసు. చేతులకి తెలీదు" అనేవారు. చప్పట్లంటే ఆయనకి గిట్టేది కాదు. "చప్పట్లు కొట్టాడంటే మళ్ళీ చెయ్యి ఆడించాడనేగా" అని విసుక్కునేవారు.

ఇదెక్కడ నేర్చుకున్నారు మాస్టారూ అని ఒకసారి అడిగితే నవ్వారు. ఆయనది నాగాయలంక అవతల చిన్న పల్లె. చర్చిలో క్రిస్మస్ నాటకానికి చిన్నప్పుడు ఈయనకి గొర్రె వేషం ఇచ్చేవారట. "గొర్రెకి డైలాగు లేదు. కదలకూడదు. ఇంకేం చేస్తాను? దుప్పటి కప్పుకుని జనాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎవరు ఎప్పుడు గోక్కుంటున్నారో, ఎప్పుడు మానేస్తున్నారో మొత్తం తెలిసేది. నా చదువంతా ఆ దుప్పటి కిందే అయిపోయింది" అన్నారు. టీ మాత్రం సాసర్లో పోసుకుని, ఊదకుండా, ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చుని తాగేవారు. మేం గొంతు చించుకుంటే "కోడూరు దాకా వినపడక్కర్లేదు, చివరి కుర్చీ దాకా వినపడితే చాలు" అనేవారు. నన్ను చదివించి, పై చదువుకి పంపి, తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ గారి వెంటపడి అదే కోర్సులో గెస్ట్ లెక్చరర్‌గా పెట్టించారు. ఇవాళ నేను నలుగురి ముందు నోరు తెరిచి మాట్లాడుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

తర్వాత ఈ అవుట్‌కమ్స్ గోల వచ్చిపడింది. ప్రతి కోర్సుకీ, చదువు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏం చెయ్యగలడో రాయాలి. రాసింది కొలవడానికి వీలుగా ఉండాలి. కొలిచి, ఎంతమందికి వచ్చిందో శాతంలో చూపించాలి. పైనుంచి కమిటీ వచ్చి చూస్తుంది. వాళ్ళ రిపోర్టు బాగాలేకపోతే మేనేజ్‌మెంటు మా కోర్సు ఎత్తేస్తుంది. ప్రిన్సిపాల్ గారు మొహమాటపడుతూనే ఈ మాట చెప్పేశారు. నేను తిట్టిపోశాను. మాస్టారు తిట్టలేదు.

"వాళ్ళు అడిగింది తప్పు కాదు అమ్మాయ్. పిల్లలు రెండేళ్ళు మన దగ్గరున్నారు. ఏం నేర్చుకున్నారో మనం చెప్పద్దూ?" అన్నారు.

చెప్పడానికి నిజంగానే కూర్చున్నారండీ. గొంతు చివరి కుర్చీ దాకా వెళ్తుందా? వాచ్‌మన్‌ని అక్కడ కూర్చోబెట్టి, విన్నది తిరిగి చెప్పించి మార్కులు వేశారు. వేషం మాటలు తప్పుల్లేకుండా వచ్చా? వేశారు. ఎదుటివాడు మాట మర్చిపోతే అందుకోవడం? దానికీ వేశారు. చివర్న మాత్రం ఒకటి మిగిలింది. "చూసేవాడి చెయ్యి ఆపగలగడం" అని ఆయనే రాశారు.

"ఇది తీసేద్దాం మాస్టారూ, గొడవుండదు" అన్నాను.

"తీసేస్తే మిగిలేది డ్రిల్లు. దానికి నేనెందుకు, పీఈటీ ఉన్నాడుగా" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు తల పట్టుకున్నారు. "చెయ్యి ఆగడాన్ని శాతంలో ఎలా చెప్తామండీ?" అన్నారు. "ఆగినవాళ్ళు ఎంతమందో, ఆగనివాళ్ళు ఎంతమందో చూస్తే శాతమే కదండీ" అన్నారు మాస్టారు. ఆయన వెటకారమాడలేదు. కమిటీ ముందే పరీక్ష పెట్టి చూపిస్తానన్నారు. ఇక చూడండి, మా బతుకంతా ఆ ఒక్క మధ్యాహ్నం మీద పడింది.

ఆ ఏడాది మాకున్న పిల్లల్లో రజియా అని ఒక అమ్మాయి. ఎదురుగా మిషను కుట్టే సాయిబుగారి కూతురే. తనే ఒక చిన్న నాటకం రాసుకుంది. చిలకలపూడిలో మెరుగు పెట్టి పెట్టి వేళ్ళు అరిగిపోయిన ఒక ఆడమనిషి రేషన్ కోసం వస్తుంది. మిషను మీద వేలిముద్ర పడదు. వేలు తుడుచుకుంటుంది, మళ్ళీ పెడుతుంది. పడదు. మళ్ళీ తుడుచుకుంటుంది. అంతే నాటకం. మొదటి రిహార్సల్ నాడు హాజరు వేసుకుంటున్న నా పెన్ను మధ్యలోనే ఆగిపోయింది. మాస్టారు రిహార్సల్‌కి కూడా వీపు పెట్టే కూర్చునేవారు. ఆ రోజు మాత్రం నా చేతుల వంక చూసి, "ఊఁ" అన్నారు.

కమిటీ వచ్చిన రోజు కాలేజీ గేటు మూసేశారు. బయటివాళ్ళు లోపలికి రాకూడదట. మాస్టారు ఇల్లిల్లూ తిరిగి పిలిచినవాళ్ళంతా మంచి బట్టలు కట్టుకుని వచ్చి, గేటు దగ్గర ఎండలో కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు. రజియా వాళ్ళ నాన్ననైనా లోపలికి రానివ్వండి అని నేను గేటు దగ్గర పోట్లాడాను. "నా ఉద్యోగం పోతుంది మేడమ్" అన్నాడు వాచ్‌మన్. ఏళ్ళ తరబడి మా చివరి కుర్చీలో కూర్చున్న మనిషి.

హాల్లో కమిటీ వాళ్ళు, ప్రిన్సిపాల్ గారు, కొందరు స్టాఫు. మాస్టారు స్టూలేసుకుని వాళ్ళకేసి తిరిగి కూర్చున్నారు. రజియా మొదలుపెట్టింది. అబ్బ, ఎంత బాగా చేసిందో! అంత బాగా తను మళ్ళీ చెయ్యలేదు, చేసే అవకాశమూ రాలేదు. కానీ కమిటీలో ఒకాయన ఫైల్లో సంతకాలు వెతుకుతున్నాడు. ఒకావిడ ఫోన్లో వేలితో పైకి తోస్తూనే ఉంది. ఇంకొకాయన పళ్ళెంలో జీడిపప్పు ఏరుకుంటున్నాడు. వాళ్ళు చెడ్డవాళ్ళనను. పొద్దుట్నుంచీ ఎన్ని డిపార్ట్‌మెంట్లు తిరిగారో, ఇంకా ఎన్ని తిరగాలో. అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు.

"బాగుంది సార్. మీ పద్ధతిలో ఈ అమ్మాయికి ఎంత వేశారు?" అని అడిగింది ఆవిడ, నిజంగా మంచిగానే.

మాస్టారు లేచి నిలబడ్డారు. నేను వెనకనుంచి "వెయ్యండి మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, వేసెయ్యండి" అని గొణుగుతున్నాను. ఆయన రజియా వైపు తిరిగి చూశారు. తర్వాత వాళ్ళతో అన్నారు.

"ఇవాళ చేతులు ఆగలేదండీ. మార్కు పడలేదు."

అంతే, అయిపోయింది. మాస్టారే తన స్టూడెంట్‌కి రాలేదన్నాక రిపోర్టులో వాళ్ళు మాత్రం ఏం రాస్తారు? మరుసటి ఏడాది అడ్మిషన్లు లేవు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. బతుకంతా జనం చేత వేషాలు వేయించిన మనిషి, ఆ ఒక్క పూట వేషం వెయ్యలేకపోయారు! మొహమ్మీదే అనేశాను. "వేస్తే ఇన్నాళ్ళూ వేసినవన్నీ ఉత్తివైపోతాయి అమ్మాయ్. నీ గిన్నెతో సహా" అన్నారు. రజియాకి మాత్రం చెయ్యి పట్టుకుని "నీ తప్పు లేదమ్మా" అని చెప్పారు. ఆ పిల్ల తలూపింది. నమ్మినట్టు నాకనిపించలేదు.

మా హాల్లో ఇప్పుడు జవాబు పత్రాల కట్టలు పడేస్తున్నారు. నేను గుడివాడలో ఒక ప్రైవేటు స్కూలు ఫ్రంట్ ఆఫీసులో కూర్చుని, వచ్చిన తల్లిదండ్రులకి నవ్వు మొహం పెడుతున్నాను. రజియా చిలకలపూడిలో మెరుగు పెట్టే పనికి కుదిరింది. మాస్టారు పల్లెకి వెళ్ళిపోయారు.

పోయిన చలికాలంలో చూడ్డానికి వెళ్ళాను. చిక్కిపోయారు. సాసర్లో టీ ఆరిపోయి చల్లబడిపోయినా తాగడం లేదు. "ఎవరన్నా ఎక్కడన్నా ఆడుతున్నారా?" అని అడిగారు. లేదన్నాను. సాసరు పక్కకి జరిపి, "ఆ రోజు వేసుంటే కోర్సు నిలబడేదంటావా?" అన్నారు.

"నిలబడేది కాదు మాస్టారూ. ఇంకేదో వంక పెట్టి తీసేసేవాళ్ళు" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు. నా ఒళ్ళో బ్యాగు జిప్పుని లాగుతూ, మూస్తూ, లాగుతూ ఉన్న నా చేతుల్ని చూశారు. "సరేలే" అని అటు తిరిగి పడుకున్నారు. అదే ఆఖరిసారి చూడ్డం.

ఫోనొచ్చిన రోజు నేను పల్లెకి చేరేసరికి మధ్యాహ్నమయింది. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, అద్దాల పెట్టెలో మాస్టారు. పెట్టె లోపల చల్లగానే ఉంటుందని ఎవరెంత చెప్పినా వినకుండా అమ్మగారు అద్దం మీద విసనకర్రతో విసురుతూనే ఉంది. పాస్టర్ గారు ప్రార్థన చేసి, "శిష్యులెవరన్నా మాట్లాడతారా?" అని అడిగారు. నేను లేచాను. పెట్టెకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాను. అలవాటు చొప్పున చేతులే చూశాను. ఫోన్లు, దోమలు తోలుకోవడం, చొక్కా దులుపుకోవడం, టీ గ్లాసులు అందించుకోవడం. ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు. ఒక్క చెయ్యీ ఆగలేదు. వచ్చి కూర్చున్నాను. ఎవరో నా చేతిలోనూ టీ గ్లాసు పెట్టారు.

అప్పుడొచ్చింది రజియా, పనిలోంచి తిన్నగా. పెట్టె దగ్గర నిలబడి, చూసి చూసి, మాస్టార్ని ఫోటో తీసుకుందామని ఫోను తీసింది. లాకు తెరవడానికి బొటనవేలు పెట్టింది. తెరుచుకోలేదు. వేలు చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ తుడుచుకుంది. నేను టీ గ్లాసు నోటిదాకా తెచ్చి, అక్కడే ఆగిపోయాను. ఆ పిల్ల మళ్ళీ వేలు పెట్టింది.