నీళ్లు నిలవని కారు

నా చిన్నప్పుడు నంద్యాలలో మా ఇంటి ముందు ఎప్పుడూ ఒక లారీ ఉండేది, తలుపుల్లేకుండానో, వెనక తొట్టి లేకుండానో. మా నాయన లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. అందుకని లారీలంటే నాకు ఇంట్లో దూడలతో సమానం. ఎక్కేదాన్ని, దూకేదాన్ని, స్టీరింగు పట్టుకుని నోటితో హారన్ కొట్టేదాన్ని. కారు మాత్రం ఒక్కసారైనా ఎక్కలేదు. అప్పట్లో ఊళ్లో ఉన్న కార్లే తక్కువ. అందులో ఏదైనా మా వీధిన పోతే అన్నం కంచం వదిలేసి పరిగెత్తేదాన్ని. కారుకే ఇచ్చి పెళ్లి చేస్తాలే అని మా అమ్మ ఎగతాళి చేసేది. చూసొచ్చి గోడ మీద బొగ్గుతో గీసేదాన్ని. ఎప్పుడూ పక్కనుంచి చూసిన బొమ్మే. రెండు చక్రాలు, రెండు తలుపులు, గుండ్రటి ముక్కు.

ఆ పిచ్చే తర్వాత నాకు కూడు పెట్టింది. ముందు పూణెలో, ఆ తర్వాత ఇటలీలో, ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు రూపం దిద్దే పనిలోనే నా జుట్టు నెరిసింది. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే మర్యాదకు కాలేజీ పేరు చెబుతాను. నిజానికి నేర్చుకున్నది ఆళ్లగడ్డలో, ఐదో తరగతి ఎండాకాలం సెలవుల్లో, మా తాతయ్య రేకుల షెడ్డు కింద.

మా తాతయ్య, అంటే అమ్మకు నాయన, రాతి శిల్పి. ఆ వీధంతా పొద్దున లేస్తే ఉలి చప్పుడే. ఆయన మాటల్లో పిసినారి. మెచ్చుకోవాలంటే ఊ అనేవాడు, మెచ్చకపోతే అదీ లేదు. పని పూర్తయిన ప్రతి విగ్రహానికీ ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. చెంబుతో నీళ్లు తెచ్చి నెత్తిన పోసి, గొంతుకూర్చుని, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూసేవాడు. రోజూ అభిషేకం జరిగే దేవుడు కదా, ఒంటి మీద నీళ్లు నిలిస్తే పాచి పడుతుందని పైకి చెప్పే కారణం. నీళ్లు తడబడిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టి మళ్లీ ఉలి పట్టేవాడు.

ఆ ఏడు నంద్యాల నూనె మిల్లు శెట్టిగారు తమ వీధి శివాలయానికి ఒక నందిని చేయమన్నారు. పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఆయన తన నల్లకారులో వస్తుండేవారు. వచ్చినప్పుడల్లా నేను నంది పక్కన కాక కారు పక్కన నిలబడటం ఆయన కనిపెట్టారు.

"నా కారు మాదిరి రాయిలో చేసియ్ పాపా. నంది తీసకపోయే దినం నిన్ను కార్లో కూకోబెట్టుకుని నంద్యాలలో దింపుతా" అన్నారు.

ఆయన ఊరికే అన్నారో ఏమో, నాకు మాత్రం అది శిలాశాసనమైపోయింది. మా వీధి మొగలో ఆ కారు ఆగడం, తలుపు తెరుచుకోవడం, అందులోంచి నేను దిగడం, పక్కింటి అక్క నోరు తెరిచి చూడటం, ఇదంతా రోజుకు పదిసార్లు కళ్ల ముందు ఆడేది. తాతయ్య ఒక మెత్తటి బలపపు రాయి, అరిగిపోయిన చిన్న ఉలి ఇచ్చాడు. ఎలా చెక్కాలో ఒక్క ముక్క చెప్పలేదు.

గోడ మీద గీసిన బొమ్మనే రాయికి అటొకటి ఇటొకటి దించాను. ముందు వైపు దీపాలు, వెనక నంబరు పలక. తలుపులకు పిడులు, అద్దం వెనక స్టీరింగు, చివరికి శెట్టిగారు కారులో వేలాడదీసుకునే పూలదండ కూడా చెక్కాను. షెడ్డులో పనిచేసే మామలంతా చుట్టూ మూగి, శెట్టి దీంట్లోంచే దిగొస్తాడేమో అన్నారు. నాకు నేల మీద కాలు నిలవలేదు.

శెట్టిగారు వచ్చే ముందురోజు సాయంత్రం నందికి నీళ్ల పరీక్ష జరిగింది. మూపురం మీద పోసిన నీళ్లు వీపు మీదుగా జారి, తోక పక్కనుంచి నేల మీదికి దిగిపోయాయి. తాతయ్య ఊ అన్నాడు. చెంబులో కాసిని నీళ్లు మిగిలాయి. అవి తెచ్చి నా కారు నెత్తిన పోశాడు.

నీళ్లు పైకప్పు మీదే మడుగు కట్టాయి. కాసిని ముందుకు జారి, ముక్కు మీద గుంటలో కూర్చున్నాయి. తలుపు పిడి దగ్గర ఒక ధార రెండుగా చీలిపోయింది. తాతయ్య గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"నాలుగు పక్కలా నాలుగు బొమ్మలు బాగా చేసినావు పాపా. కారు యాడుంది?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని రాయి మీద ముక్కు నుంచి తోక దాకా నడిపించాడు. అరచేయి ప్రతి మలుపులోనూ తట్టుకుంది. ఒక బొమ్మ అయిపోయి ఇంకో బొమ్మ మొదలయ్యే చోటల్లా అతుకు తెలిసింది. కళ్లకు ఎంతో ముచ్చటగా ఉన్నది చేతికి ముక్కలు ముక్కలుగా దొరికింది.

"రేపు శెట్టి వస్తాడు గదా తాతా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"వస్తాడు. ఇట్లే ఇచ్చినా సంతోషంగా తీసుకుంటాడు. కార్లో పోతావు. నేనేం అడ్డం చెప్పను. చేసింది నువ్వు, ఇచ్చేదీ నువ్వే" అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

అడ్డం చెప్పి ఉంటే ఆయన మీద అలిగి, ఇచ్చేసి కారెక్కేదాన్ని. ఏమీ చెప్పకపోవడం వల్ల ఎటూ తోచలేదు. తెల్లవారి లేవగానే రాయిని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను. తిప్పి తిప్పి చూశాను. నిన్నటిదాకా కారుగా కనిపించింది, ఇక కనిపించనంది. నాలుగు బొమ్మలే కనిపిస్తున్నాయి. అందరూ మెచ్చుకున్న ఆ దీపాలు, పిడులు తీసేస్తే తప్ప నీళ్లకు దారి లేదు. ఆకురాయి తీసుకుని అరగదీయడం మొదలుపెట్టాను.

శెట్టిగారు లారీని వెంటబెట్టుకుని వచ్చేసరికి నా చేతిలో ఉన్నది కారులాగా లేదు, రాయిలాగా లేదు.

"ఏందీ పాపా ఇది, సబ్బుబిళ్ళనా?" అని పాపం మంచిగానే నవ్వారు. "కానీలే, ఇంగోసారి చూద్దాం."

నందిని లారీకెక్కించారు. తాతయ్యకు తాంబూలం ఇచ్చి, కొత్త పంచె పెట్టారు. కారు వెనక సీటంతా ఖాళీ. గుడి దగ్గర దిష్టి తీయడానికి కొన్న ఒక బూడిద గుమ్మడికాయ మాత్రం అందులో దర్జాగా కూర్చుని ఉంది. ఆ కాయకున్న రాత నాకు లేకపోయె. తాతయ్య వైపు చూశాను. ఆయన ఒక్క మాటంటే చాలు, శెట్టిగారు నన్ను ఎక్కించుకునేవారే. తాతయ్యకూ అది తెలుసు. అయినా అరుగు మీద కూర్చుని వక్క నములుతూ ఉండిపోయాడు. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ పూట నేను అన్నం తినలేదు, ఆయనతో మాట్లాడలేదు.

కోపంతోనే సెలవులు అయిపోయేదాకా ఆ రాయిని అరగదీశాను. కళ్లు మూసుకుని చేత్తో తడుముతూ, తగిలిన చోటల్లా రుద్దుతూ. రుద్దేకొద్దీ కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఒక పొద్దున నేనే చెంబు తెచ్చి పోశాను. నీళ్లు పైకప్పు మీద నుంచి ముక్కు దాకా పల్చగా పరుచుకుని, రెండు భుజాల మీదుగా జారి, ఎక్కడా ఆగకుండా కిందికి దిగిపోయాయి. దీపాల్లేవు, పిడుల్లేవు. అయినా కదలకుండా ఉన్న ఆ రాయి ఎటో పోతున్నట్టే ఉంది.

వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో, తాతయ్య ఊ అన్నాడు. లోపలికి వెళ్లి తమలపాకులు, వక్కలు, ఒక అరటిపండు పళ్లెంలో పెట్టి తెచ్చాడు. షెడ్డులో వాళ్లందరినీ పిలిచి, వాళ్లు చూస్తుండగా నాకు తాంబూలం ఇచ్చాడు, పని ముగించిన శిల్పికి ఇచ్చినట్టే. ఆ వంశంలో ఒక ఆడపిల్ల దాన్ని అందుకోవడం అదే మొదలు. మర్నాడు బస్సులో నన్ను నంద్యాలకు తీసుకొచ్చాడు. శిరివెళ్ల దాటేసరికి ఆయన భుజం మీద నిద్రపోయాను. వీధిలో ఎవరూ నోరు తెరిచి చూడలేదు.

ఈనాటి కార్లను చూస్తే ముఖమంతా కోపం, ఒళ్లంతా గీతలు. నా కింద పనిచేసిన పిల్లలు అలాంటివి గీసి తెచ్చినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి, వాళ్లను మట్టి నమూనా దగ్గరికి తీసుకెళ్లి కళ్లు మూసుకుని తడమమనేదాన్ని. కంపెనీ పెద్దలు తొందరపెట్టినా, పని కానిదాన్ని అయిందని చెప్పలేక కొన్ని పెద్ద పదవులు కూడా పోగొట్టుకున్నాను. పిల్లలకు నా మీద కోపం వచ్చేది. వాళ్ల తరఫున ఆ పెద్దలతో ఒక మాట సాయం చేయాలని నాలుక చివరిదాకా వచ్చినా, ఆగేదాన్ని.

ఎందుకంటే తాతయ్య ఆ రోజు మనవరాలని జాలిపడి శెట్టిగారితో ఒక్క మాట అని ఉంటే, నేను కారెక్కి నంద్యాలలో దిగేదాన్ని, నా పిచ్చి అక్కడితో తీరిపోయేదేమో. ఆయన ఆ మాట అనలేదు. నా పనిని అంతగా గౌరవించిన మనిషిని ఆ తర్వాత ఏ దేశంలోనూ చూడలేదు.