గునపం బిగించిన తలుపు

గునపం అతని అసలు పేరు కాదు. అసలు పేరు ఇంట్లో వాళ్ళకైనా గుర్తుందో లేదో అనుమానమే. పాత భవనాలు పడగొట్టడం అతని పని. అతను గునపం ఎత్తి ముందు నిలబడితే చాలు, గోడ మర్యాదగా తనంతట తానే కూలిపోయేదని తోటి కూలీలు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. ఓసారి ఏదో తగాదాలో లారీ బానెట్ మీద గుద్దితే లారీ వెనక్కి నడిచిందట. లోపలున్నవాడు హడలిపోయి రివర్సు గేరు వేశాడన్నది కూడా నిజమే గానీ, అది చెబితే కథ చప్పబడిపోతుంది.

గోడలతో ఆగితే బాగుండేది. పని దిగాక ఎవడో ఒకడి దవడ కూడా దిగాల్సిందే. భార్య ఆసుపత్రిలో ఆయా. ఆమెకు విసుగొచ్చింది.

"సాయంత్రం నువ్వు మూతులు పగలగొడతావు, రాత్రి డ్యూటీలో నేను వాటికి కట్లు కడతాను. ఇద్దరం కలిసి ఒక బోర్డు పెట్టుకుందామా ఏంటి?" అని దెప్పి, అతన్ని టీచరమ్మగారింట్లో జరిగే కూడికకు ఈడ్చుకెళ్ళింది.

వాళ్ళ చర్చిలో ఇలాంటి చిన్న జట్లు పేటకొకటి ఉన్నాయి. వారంలో ఒక సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో పాటలు, ప్రార్థన. శనివారం మాత్రం పనిముట్లు పట్టుకుని వీధిలో పడతారు. ఎవరిది ఏ మతమని అడగరు. పూడిపోయిన మురుగు కాలువ తీస్తారు, మంచం పట్టిన ముసలాయన గదికి సున్నం వేస్తారు. ఈ జట్టుకు పెద్ద టీచరమ్మ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పేటలో సగం మంది రౌడీల చెవులు ఆవిడ చేతిలో మెలిపడి పెరిగినవే. ఇక ఆవిడ ప్రార్థన సంగతంటారా, మొదలుపెట్టేటప్పుడు తోడేసిన పాలు ఆమెన్ అనేసరికి గట్టి పెరుగు.

సందు చివర ఒంటిగదిలో మిషను కుట్టుకుని బతికే ఒకావిడ ఈ జట్టు దగ్గరకొచ్చింది. విడిపోయిన మొగుడు మెకానిక్కు. తాగినప్పుడల్లా తలుపు తన్ని పడగొట్టి, ఆమెను జుట్టు పట్టి ఈడ్చి కొట్టేవాడు. కిందటిసారి కుడిచేతి వేలు వెనక్కి విరిచాడు. పోలీసులు పట్టుకెళ్ళేవాళ్ళు, మళ్ళీ వదిలేసేవాళ్ళు.

"ఈసారి చంపేసి పోతానన్నాడు టీచరమ్మా. నాకింకేం వద్దు. వాడు విరగ్గొట్టలేని తలుపొకటి పెట్టించండి, చాలు."

అందరూ గునపం వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఒకటి నిలబెట్టమని అడిగినవాళ్ళు లేరు. అతని ఛాతీ గజమంత ఉబ్బింది. తాను పడగొడుతున్న పాత గోడౌను యజమానిని బతిమాలి దాని తలుపు తెచ్చాడు. అది మోసిన రిక్షా వెనక చక్రాలు రెండూ కోడిగుడ్డు ఆకారానికొచ్చాయి. దానికి ఇనుప పట్టీలు కొట్టి, లోపలివైపు ముంజేయంత లావు గడియ బిగించాడు.

"ఏనుగొచ్చినా బెల్లు కొట్టి నిలబడాల్సిందే" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

"ఏనుగుకి అందే ఎత్తులో బెల్లు నేను పెడతాలే అన్నా" అన్నాడు జట్టులోని కరెంటు పనివాడు.

పని పూర్తయితే అందరూ గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చేసిన పనిని దేవుడికి అప్పగించడం వాళ్ళ పద్ధతి. "మీరు కానివ్వండి, మంచినీళ్ళు తెస్తా" అంటూ కుట్టుపని ఆవిడ లోపలికెళ్ళింది. గుమ్మం బయట టీచరమ్మ గొంతెత్తింది. అందరి కళ్ళూ మూతపడ్డాయి.

టీచరమ్మ ప్రార్థన ఇంకా పేటలోని రోగుల దగ్గరే ఉంది. అడుగుల చప్పుడైంది. ఎవరో నీడకు జరుగుతున్నారనుకున్నాడు గునపం. తలుపు మూసుకుంది. గడియ పడింది. ఎంత సాఫీగా పడిందో చూడమని భార్య చెయ్యి నొక్కి, కళ్ళు తెరవకుండానే మురిసిపోయాడు.

అప్పుడు వినిపించింది లోపలినుంచి కేక.

కళ్ళు తెరిచేసరికి గుమ్మం ముందు మెకానిక్కు చెప్పు ఒకటి పడి ఉంది. తలుపు బిగుసుకుని ఉంది. గునపం పరుగున వెళ్ళి భుజంతో గుద్దాడు. భుజమే వెనక్కొచ్చింది. గునపం తీసి పొడిచాడు. ఇనుప పట్టీ మీద నిప్పులు రాలాయి తప్ప చెక్క కదల్లేదు. లోపల మిషను దబ్బున బోర్లాపడింది. "అమ్మా! అన్నా!" అని అరుపులు. ఆ తర్వాత గరగరమని, పీక నొక్కితే వచ్చే చప్పుడు.

"విరగదే! ఇది విరగదే!" అని గునపం ఏడుస్తూ తలుపునే పొడుస్తున్నాడు.

"గోడ కొట్టవయ్యా మొద్దూ! గోడ!" అని అరిచింది ఆయా.

గోడతో అతనికెప్పుడూ పేచీ లేదు. పక్కకు జరిగి ఇటుకల మధ్య పొడిచి పెకలించాడు. ఇటుకలు బొలబొలా రాలాయి. మనిషి పట్టేంత కంత కాకముందే దూరాడు. వీపు మీది చర్మం గోడకు అంటుకుపోయింది.

మెకానిక్కు ఆమె గుండెల మీద కూర్చుని, ఒక చేత్తో పీక నొక్కుతూ, రెండో చేత్తో పానా ఎత్తి ఉన్నాడు. ఆమె నుదురు అప్పటికే చిట్లి కళ్ళలోకి రక్తం కారుతోంది. వాడి తొడలో కత్తెర పిడిదాకా దిగి ఉంది, అది ఆమె పని. వాడు తిరిగి విసిరిన పానా దెబ్బకు గునపం భుజం ఎముక ఫట్‌మంది. ఆ చప్పుడు బయట ఆయాకు కూడా వినపడింది.

తర్వాత జరిగింది కొట్లాట కాదు, కూల్చివేత. గునపం వాడి చొక్కా పట్టి ఎత్తి కొత్త తలుపుకేసి కొట్టాడు. మొదట వీపుతో, ఆపైన ముఖంతో. పళ్ళు గచ్చు మీద రాలాయి. తలుపు మాత్రం ఉలకలేదు, పలకలేదు. వాడు జారి కింద పడ్డాడు. గునపం ఒంటి చేత్తో గునపం ఎత్తి, మొన వాడి గొంతుకి గురిపెట్టాడు.

"వద్దన్నా!" ఆమె గొంతు బొంగురుగా, గాలిలా వచ్చింది. "వీడు చస్తే శవం పక్కన కూర్చుని ఏడవమని మళ్ళీ నన్నే పిలుస్తారు. నాకొద్దు. పోలీసులకివ్వు."

మొన అక్కడే ఆగింది. అప్పుడు గునపాన్ని కంతలోంచి బయటికి గిరాటేసి, వాడి మీద చతికిలబడ్డాడు. పోలీసులు వచ్చేదాకా లేవలేదు. వాడికి ఊపిరాడట్లేదని ఎవరో అంటే, కాస్త జరిగి మళ్ళీ కూర్చున్నాడు.

ఈసారి హత్యాయత్నం కేసు పడింది, వదల్లేదు. ఆయా ఆమె నుదుటికి ఆసుపత్రిలో కట్టు కట్టించింది. తన మొగుడి చెయ్యి మెడకు వేలాడదీయించింది. టీచరమ్మ మాత్రం మనిషి కుంగిపోయింది.

"నా ప్రార్థన కాస్త పొట్టిగా ఉండుంటే..." అంది కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"ఆ మాటే మేం ఎన్నేళ్ళుగానో చెబుతున్నాం టీచరమ్మా" అన్నాడు కరెంటు పనివాడు. ఆవిడ ఏడుపులోనే వాడి చెవి మెలిపెట్టింది.

తర్వాతి శనివారం కంత పూడ్చడానికి జట్టంతా ఇటుకలు, సిమెంటుతో దిగింది. కుట్టుపని ఆవిడ అడ్డం నిలబడింది.

"మూయకండి. అక్కడ కిటికీ పెట్టండి. మిషను దాని ఎదురుగా వేసుకుంటా. ఎవడొస్తున్నాడో సందు మొదట్లోనే నాకు కనపడాలి."

"ఊచలు?" అన్నాడు గునపం.

"దగ్గరదగ్గరగా."

అతను బాగున్న చేత్తో సుద్దముక్క తీసి, తన కళ్ళ ఎత్తున గోడ మీద గీత గీశాడు. ఆమె స్టూలు లాక్కొచ్చి దాని మీద కూర్చుని చూసింది.

"ఇంకా కిందికి అన్నా. నేను కూర్చునేగా కుట్టేది."

గునపం ఆ గీత చెరిపేసి, మోకాళ్ళ మీద కూర్చుని కింద ఇంకోటి గీశాడు.