సత్తెమ్మ చెప్పించిన రెండో సగం

నిన్న మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్ ఎదురుగా ఉన్న ఫంక్షన్ హాలుకు పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చింది. కూరగాయల సంచీ పట్టుకుని గోడవారగా తప్పుకుంటే, పెళ్ళిగుర్రం నన్ను రాసుకుంటూ పోయింది. తడిసిన తోలు, చెమట, నమిలిన పచ్చిగడ్డి కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, బ్యాండు మోతలో కూడా నాకు ఒక ఆడమనిషి గొంతు వినిపించినట్టయింది. అది సత్తెమ్మ గొంతు. ఆమె మీలో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. తెలియాల్సిన మనిషి కాబట్టి రాస్తున్నాను. మనుషులను అంచనా కట్టడంలో నాకు మంచి అనుభవమే ఉంది. ప్రొద్దుటూరు వైపు ముప్పై ఏళ్ళు బస్సు డిపో మేనేజరుగా పనిచేశాను. సరే, మేనేజరును కాదు, కండక్టరును. ఇలా ముందు ఒకటి చెప్పేసి వెనకాలే దిద్దుకోవడం నాకు అలవాటు. అందులో మొదటి సగం పుట్టుకతో వచ్చింది. రెండో సగం సత్తెమ్మ నేర్పింది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మా అబ్బాయి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంటే, రిటైరై నేనూ ఇక్కడికి చేరాను. మనవరాలు శ్రావణికి అప్పుడు పదమూడేళ్ళు. ఒకరోజు జడ వేస్తూ వాళ్ళమ్మ గమనించింది, పిల్ల కుడిభుజం పైకి, ఎడమభుజం కిందికి ఉన్నాయని. ఎక్స్‌రే తీస్తే వెన్నెముక పక్కకు వంగి ఉంది. డాక్టరు ప్లాస్టిక్ బ్రేస్ ఒకటి చేయించి ఇచ్చాడు. స్నానం, ఆటలు తప్ప మిగతా సమయమంతా అది ఒంటి మీద ఉండాలన్నాడు. వంపు ఇంకా పెరిగితే ఆపరేషన్ చేసి వెన్నుకు లోహపు కడ్డీలు బిగించాల్సి వస్తుందన్నాడు. పిల్ల ఆ బ్రేస్‌ను చూసి ఏడ్చిన ఏడుపు నేను ఇప్పటికీ మర్చిపోలేను. రెండు రోజులు వేసుకుంది, మూడో రోజు మంచం కిందికి తోసేసింది. స్నేహితులతో మాటలు మానేసింది. ఎండాకాలంలో కూడా వదులు జాకెట్టు లేకుండా గడప దాటేది కాదు.

ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మే గుర్రం మాట ఎత్తింది. "గుర్రం నడుస్తుంటే మీద కూర్చున్నవాళ్ళ నడుము కండరాలు వాటంతటవే పనిచేస్తాయండీ. నిలకడ, ధైర్యం వస్తాయి. వంపు మాత్రం దానివల్ల తగ్గదు. దానికి బ్రేసే మందు" అంది. ఆమె చెప్పింది రెండు సగాలు. నేను ఇంటికి తీసుకొచ్చింది ఒకటే. "గుర్రమెక్కితే చాలంటమ్మా, వెన్ను ఈటెలాగా అయిపోతుందంట" అని శ్రావణితో చెప్పాను. ఎన్నాళ్ళకో పిల్ల ముఖం విప్పారింది. ఆ ముఖం చూశాక రెండో సగం నా గొంతులోనే ఉండిపోయింది.

గుర్రాల దొడ్డి నల్లగండ్ల దాటాక బండరాళ్ళ మధ్య ఉండేది. వెనక అద్దాల మేడలు, ముందు రేకుల షెడ్డు. శ్రావణి ఎక్కిన గుర్రం తెల్లటి అరబ్బీ జాతిదని, దాని మీద నేను కూడా రెండుసార్లు స్వారీ చేశానని మా అపార్ట్‌మెంట్లో అందరికీ చెప్పాను. అది బూడిదరంగు ముసలి ఆడగుర్రం. పేరు చమేలి. ఇరవై ఏళ్ళు పెళ్ళికొడుకులను మోసి మోసి అలసిపోయింది. నేను దాని మీద ఎక్కలేదు, దాని తోక దాపుకు కూడా పోలేదు. చమేలి సత్తెమ్మ భర్త గుర్రం. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాడట. ఆయన పోయాక, దొడ్డి యజమాని గుర్రంతోపాటు ఆమెను కూడా పనిలో పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే బోరబండలో లోకల్ రైలెక్కి లింగంపల్లిలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వచ్చేది. యాభై దాటిన మనిషి, సన్నగా, చీరకొంగు నడుముకు బిగించి, గుర్రంతో మాట్లాడినట్టే మనుషులతోనూ మాట్లాడేది.

మొదటిరోజే నన్ను చూసి, "ఏంది సారూ, గుర్రాన్ని జూస్తున్నవా, గుర్రమే నిన్ను జూస్తున్నదా?" అంది. సారూ అంటూనే నువ్వు అనడం నాకు గుచ్చుకుంది. తర్వాత తెలిసింది, ఆమె నోట్లో ఆ రెండూ గౌరవంగానే పక్కపక్కన కూర్చుంటాయని. శ్రావణి చేతిలోని పెద్ద సంచీ చూసి, "గాండ్ల ఏమున్నది బిడ్డా?" అని అడిగింది.

"బ్రేస్. అమ్మ పెట్టింది. నాకు దాంతో పనిలేదు. గుర్రమెక్కితే వీపు సరైపోతుందని మా జేజినాయన చెప్పినాడు."

సత్తెమ్మ నా వైపు చూసింది. నేను ఆకాశంలో పోతున్న విమానాన్ని చూశాను. ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఆమెకు ముందే అంతా చెప్పి ఉంచిందన్న సంగతి నాకేం తెలుసు! శ్రావణి గుర్రమెక్కి దొడ్డి కుర్రాడితో ఓ చుట్టు తిరిగే లోపల సత్తెమ్మ నన్ను షెడ్డు వెనక్కి పిలిచింది. "పోరికి అబద్ధం జెప్పినవా సారూ? నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?" అంది. "వచ్చేవారం చెబుతానమ్మా" అన్నాను. ఆ వచ్చేవారం ప్రతివారమూ వచ్చేది. ప్రతివారమూ ఆమె కనుబొమ్మలు ఎగరేసేది, నేను చూపుడువేలు చూపించి ఇంకొక్క వారం అని సైగ చేసేవాణ్ణి. బ్రేస్ మాత్రం సంచీలోంచి బయటికి రాలేదు. డాక్టరు రమ్మన్న రోజు దగ్గరపడుతోంది.

ఈలోపల మా ఇద్దరికీ ఉద్యమం మీద కొట్లాటలు నడిచేవి. "గా మేడ ఉన్నకాడ మా అవ్వగారి జొన్నచేను ఉండె. ఇప్పుడు లోపలికి పోవాల్నంటె కార్డు జూపియ్యాలె. మీ ఆంధ్రోల్లు అంత ఆగం జేసిన్రు" అనేది. "మేము ఆంధ్రోళ్ళం కాదమ్మా, సీమోళ్ళం" అని నేను రోషంగా అంటే, "అయితె ఇంకో బస్సుల వచ్చిన్రు, గంతె గదా!" అనేది. బస్సుల సంగతిలో నన్నే గెలిచిన మనిషి ఆమె ఒక్కతే.

ఒకరోజు సమ్మె. రోడ్డు మీద బస్సుల్లేవు, ఆఫీసులు లేవు. శ్రావణి చమేలి మీద ఉంది. ఊళ్ళోంచి ఊరేగింపు వస్తున్న చప్పుడు వినిపించింది, డప్పులు, నినాదాలు. గేటు మూయడానికి పోతూ సత్తెమ్మ గుర్రం తాడు నా చేతిలో పెట్టింది. డప్పుల మోత దగ్గరైంది. చమేలి చెవులు నిక్కబొడుచుకుంది. దానికి ఉద్యమం సంగతి తెలియదు కదా! ఇంకో పెళ్ళి వచ్చిందనుకుంది. మెడ వంచి, ముందరికాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి చిందులు మొదలుపెట్టింది. పైన శ్రావణి జూలు పట్టుకుని "జేజినాయనా!" అని అరిచింది. నేను తాడు రెండు చేతులా పట్టుకుని ఉన్నచోటే గిర్రున తిరిగాను. గేటు దగ్గర నుంచి సత్తెమ్మ గట్టిగా కేకేసింది: "ఆగం గాకు సారూ! ఆగం గాకు!"

మా వైపు పోవద్దు అనడానికి పోవాకు అంటాము, తినొద్దు అనడానికి తినాకు అంటాము. ఆ మోతలో నా చెవికి వినిపించింది "ఆగాకు సారూ, ఆగాకు" అని. గుర్రాల మనిషి ఆగొద్దని చెబుతుంటే ఆగడానికి నేనెవర్ని? తాడు లాగి ముందుకు నడిచాను. సగం మూసిన గేటులోంచి, సత్తెమ్మ పక్కనుంచి, నేరుగా రోడ్డు మీదికి. ఊరేగింపు నడిమధ్యలోకి.

జనం విడిపోయి దారి ఇచ్చారు. డప్పులవాళ్ళు గుర్రాన్ని చూసి ఇంకా హుషారెక్కారు, వాళ్ళను చూసి చమేలి ఇంకా హుషారెక్కింది. "అయ్యా, రవ్వంత దావ ఇడ్సండయ్యా!" అని మొత్తుకున్నాను. "అరె, సీమాయన రా! సీమ పెద్దమనిషి గూడ గుర్రం దెచ్చిండు మన కోసం!" అని ఎవరో అరిచారు. చప్పట్లు, ఈలలు. జై కొట్టమన్నారు. మా అబ్బాయికి ఇప్పటిదాకా కొట్టలేదనే చెబుతున్నాను. కొట్టాను. మూడుసార్లు, వాళ్ళకంటే గట్టిగా.

అప్పుడు తల పైకెత్తి శ్రావణిని చూశాను. జాకెట్టు లేదు. షెడ్డులో విప్పి పెట్టిన సంగతి మర్చిపోయింది. మామూలు బనియను చొక్కాలో, ఆ ఎగుడుదిగుడు భుజాలతోనే, గుర్రం చిందుకు తగ్గట్టు నడుము ఊగుతుంటే, నవ్వుతోంది. డప్పు మోతను మించి నవ్వుతోంది. పక్కన నడుస్తున్న ముసలమ్మ ఒకామె రెండో ఆమెతో, "ఎంత సక్కగ కూసున్నదే పిల్ల, సూడు!" అంది. శ్రావణి ఆ మాట విన్నది. వినడం నేను చూశాను.

ఇంతలో సత్తెమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చి తాడు గుంజుకుంది. "ఆగం గాకు అంటె ఆగకుండ పోతవా? పరేషాన్ గాకు, నిమ్మలంగ ఉండు అన్న! ఏం మనిషివయ్యా నువ్వు!" చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. శ్రావణి గుర్రం మెడ మీద వాలిపోయి నవ్వింది. మా అపార్ట్‌మెంట్లో మాత్రం, బెదిరి పరుగెత్తిన గుర్రాన్ని ఒంటిచేత్తో ఆపానని చెప్పాను.

దొడ్డిలోకి తిరిగొచ్చి దిగీదిగగానే శ్రావణి నా చెయ్యి పట్టుకుంది. "జేజినాయనా, ఆమె ఏమందో విన్నావా? చక్కగా కూర్చున్నానంది. నా వీపు సరైపోయింది కదా?"

సత్తెమ్మ ఈసారి కనుబొమ్మలు ఎగరేయలేదు. చమేలి నోట్లోంచి కళ్ళెం తీస్తూ నిలబడింది. ఆమె తిట్టి ఉంటే ఇంకో అబద్ధం ఆడేవాణ్ణేమో.

"లేదమ్మా" అన్నాను. "గుర్రం వల్ల వంపు తగ్గదు. డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నేనే నీకు చెప్పలేదు. బ్రేస్ వేసుకోకపోతే పెరుగుతుంది. పెరిగితే ఆపరేషనే."

"మరెందుకట్లా చెప్పినావు?"

"నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయినా."

పిల్ల నా చెయ్యి వదిలేసింది. పోయి గుర్రం మెడలో ముఖం దాచుకుంది. సత్తెమ్మ ఓదార్చలేదు. కాసేపాగి సంచీలోంచి బ్రేస్ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, "గిదెట్ల కడ్తరు బిడ్డా? నాకు జర సూపియ్" అంది.

"గుచ్చుకుంటుంది" అంది శ్రావణి తల ఎత్తకుండానే.

"గుచ్చుకోకేమైతది, ఊపిరి బిగబడ్తివి. గీ చమేలి గూడ గంతే. పట్టీ బిగిద్దామంటె కడుపు ఉబ్బించి మోసం జేస్తది, తర్వాత జీను జారుతది. గందుకె అది ఊపిరి ఇడిసేదాంక నేను ఆగుత. నువ్వు గూడ ఇడువు. ఇడిసినవా? ఆఁ, ఇగ జూడు."

వేసుకున్న ఆ రెండు రోజులూ ఇంట్లో మేము పిల్ల ఏడుస్తూ బిగబట్టి ఉండగానే పట్టీలు లాగి కట్టేవాళ్ళం. సత్తెమ్మ గుర్రానికి జీను కట్టే చేతులతో, తొందర లేకుండా, ఒక్కో పట్టీకీ ఒక్కో ఊపిరి ఆగి కట్టింది. శ్రావణి రెండడుగులు వేసింది, వంగి చూసుకుంది, మళ్ళీ నడిచింది. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో నాతో మాట్లాడలేదు. ఆ వారమంతా మాట్లాడలేదు. కానీ బ్రేస్ విప్పలేదు.

డాక్టరు రమ్మన్న రోజుకు మేము పోయినప్పుడు వంపు కొంచెం పెరిగే ఉంది. నా మౌనం ఖరీదు అది. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు, బ్రేస్ వదలకుండా మళ్ళీ రమ్మన్నాడు. ఆ తర్వాతి ఎక్స్‌రేలో పెరగలేదు. ఆ తర్వాతి దాంట్లోనూ పెరగలేదు. ఎదుగుదల ఆగిందని, ఇక ఆపరేషన్ అవసరం రాదని డాక్టరు చెప్పిన రోజు దవాఖాన మెట్ల మీదే నేను కూలబడ్డాను. సంతోషంతో ఎగిరి గంతేశానని రాద్దామనుకున్నాను, కానీ కూలబడ్డాను. శ్రావణి పక్కన కూర్చుని నీళ్ళ సీసా మూత తీసిచ్చింది. అక్కడి నుంచి నేరుగా దొడ్డికి పోయి సత్తెమ్మకు చెప్పాము. ఆమె చేతిలోని గడ్డికట్ట కింద పడేసి శ్రావణి తల నిమిరింది. నన్ను చూసి, "ఇగ పానం నిమ్మలమైందా సారూ? పో, ఇంటికి పోయి జర కన్ను మల్పు. ఎన్నడు పండుకున్నవో ఏమో!" అంది. నేను నిద్రపోవడం లేదని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె నన్ను చూసేది వారానికొక్క గంట.

తెలంగాణ వచ్చింది. దొడ్డి స్థలంలో మేడ లేచింది. సత్తెమ్మ గుర్రాన్ని తీసుకుని శంకర్‌పల్లి వైపు కూతురి దగ్గరికి పోయిందన్నారు. శ్రావణి వెన్ను ఇప్పటికీ కొంచెం వంపుగానే ఉంది. చీర కట్టినా, చొక్కా వేసినా దాచుకోదు, ఉద్యోగానికి పోతుంది, నన్ను అందరి ముందూ ఏడిపిస్తుంది.

మొన్న ఆదివారం మూడో అంతస్తులో ఉండే సుధాకర్ వచ్చాడు. వాళ్ళమ్మాయికి పన్నెండేళ్ళు. అదే జబ్బు, అదే బ్రేస్. "మీ మనవరాలికి గుర్రమెక్కిస్తే పూర్తిగా నయమైందట కదండీ?" అని అడిగాడు. ఆ మాట అపార్ట్‌మెంట్ అంతా పాకించిన ఘనుణ్ణి నేనే. అతను నా నోటి వంకే చూస్తున్నాడు. ఔననడానికి నాలుక సిద్ధంగానే ఉంది.

"గుర్రం నయం చేయలేదు నాయనా" అన్నాను. "బ్రేస్ ఆపింది. గుర్రం వల్ల పిల్లకు నవ్వు వచ్చింది. రెండూ మంచివే, కానీ ఒకదాని పని ఇంకొకటి చేయదు."

"డాక్టరు కూడా ఇదే అన్నాడండీ. మీరు ఇంకోటి చెబుతారేమోనని వచ్చాను. అమ్మాయికి ఏం చెప్పమంటారు?"

"ఉన్నదే చెప్పు. ఈరోజే చెప్పు. నేను రెండు వారాలు ఆలస్యం చేసి తప్పు చేశాను."

తల ఊపి వెళ్ళిపోయాడు. లిఫ్టు తలుపు మూసుకుంటోంది. నేను గబగబా పోయి చెయ్యి అడ్డం పెట్టాను.

"రెండు కాదు నాయనా" అన్నాను. "తొమ్మిది."