ఉన్నదున్నట్టు రాయించిన అర్జీ

ఆస్ట్రేలియాలో ఖైదీలను దింపే సిడ్నీకి దగ్గర్లోని పారమట్టాలో జొహన్నా టియర్నీ ఉతికిన దుప్పట్లకు వంక పెట్టినవాళ్లు లేరు. చంకలో పసిబిడ్డతో ఓడ దిగిన ఐరిష్ ఖైదీ ఆమె. యావజ్జీవ శిక్ష. పదకొండేళ్లు పరాయి మురికి ఉతికింది. కూతురు విన్నీ అనాథల బడిలో పెరిగింది. ఖైదీ తల్లికి పిల్లను ఇవ్వరు మరి. జనవరిలో పదమూడు నిండగానే విన్నీని ఎక్కడో కొండల అవతలి ఆసామికి పనిమనిషిగా రాసిచ్చేస్తారు. ఈలోగా గవర్నరు క్షమాభిక్ష పెడితేనే పిల్ల దక్కేది. ఆయన అర్జీలు తీసుకునేది ఏడాదికి ఒక్కరోజు, డిసెంబరు మొదటి సోమవారం.

అర్జీలు రాసే సైలస్ పర్డీ కూడా ఖైదీయే, దొంగ సంతకాలు పెట్టి వచ్చినవాడు. రమ్ము చప్పరిస్తూ తను రాసింది చదివి వినిపించాడు: "ఏ పాపమూ ఎరుగని ఈ అబల..."

"కొట్టెయ్ అది," అంది జొహన్నా. "కొట్లో పన్నెండు గజాల నారబట్ట ఎత్తుకొచ్చాను. అదే రాయి."

"పిచ్చిదానా, ఈ నెల్లో నలభై అర్జీలు రాశా. నలభైమందీ నిర్దోషులే! దేశం మొత్తానికి నువ్వొక్కదానివే దొంగవా?"

"అవును. రాస్తావా, ఆ రమ్ము లాక్కోమంటావా?"

"పోనీ, పిల్ల ఆకలికి ఏడ్చిందని రాస్తా."

"ఏడవలేదు. కొత్త గౌను మీద మోజుపడ్డా. అంతే."

తిట్టుకుంటూనే రాశాడు. పిల్ల చేజారిపోయేలా ఉన్నా అబద్ధమాడని గుండె ఎంతమందికి ఉంటుంది!

సిడ్నీలో గవర్నరు కార్యదర్శి అర్జీ చదువుతూ ఆగాడు. "గౌను కుట్టించుకున్నావా మరి?"

"లేదయ్యా. కత్తెర పెట్టకముందే పట్టుకున్నారు."

ఆయన నవ్వాడు గానీ మాటివ్వలేదు. మూడు వారాలు జొహన్నాకు ముద్ద దిగలేదు. క్రిస్మస్ వెళ్లాక కాగితం వచ్చింది. శిక్ష మాఫీ, కానీ ఐర్లండుకు తిరిగి వెళ్లకూడదు. తెచ్చినవాడు అంతవరకే చెప్పాడు. పుట్టినూరిని తలచుకుని కాసేపు ఏడ్చి, బడికి పరుగెత్తింది.

తల్లికి చదువు రాదు. కాగితం విన్నీయే విప్పి చదవసాగింది. "నారబట్ట దొంగిలించిన..." దగ్గర ఆగి తల్లి వైపు చూసింది. బడి పిల్లలందరూ చూస్తున్నారు.

"నిజమేనా అమ్మా?"

"నిజమే తల్లీ. చదువు."

విన్నీ గొంతు పెంచి, అందరికీ వినబడేలా చివరిదాకా చదివింది. తర్వాత తన బట్టల మూట తెచ్చుకుంది.

"మనిల్లు ఎటు?" అనడిగింది.