రెండో సగం కోసం ఉదయగిరి దాకా

ఉదయగిరికి జనం కోట చూడ్డానికి వెళ్తారు. నేను మొదటిసారి వెళ్లింది ఒక హంతకుడి కోసం. తొంభైల్లో మాట, అప్పుడు ఆత్మకూరులో డిగ్రీ చదువుతున్నాను. మా అవ్వకు రెండు కళ్లకూ శుక్లాలు. సాయంత్రం బైబిలు చదివించుకుని, ప్రార్థన చేసుకుని, ఆపైన డిటెక్టివ్ నవల చదవమనేది. ఒకే డిటెక్టివ్‌తో ఏళ్ల తరబడి వస్తున్న సీరీస్ అది, ఒక్కటీ వదలకుండా విన్నది. కొత్త నవలలో ఓ డాక్టరు హత్య. తొంభై ఆరో పేజీలో డిటెక్టివ్ జీపెక్కాడు. అంతే, పుస్తకం అయిపోయింది.

అద్దె పుస్తకాల షాపు సుబ్బయ్య చేసే ఘనకార్యం ఇది. కొత్త నవలకు గిరాకీ ఎక్కువని మధ్యకు చీల్చి, రెండు అట్టలు వేసి, ఇద్దరికి ఇచ్చేవాడు. వెళ్లి రెండో సగం అడిగాను.

"ఉదయగిరి మస్తాన్ తీసకపోయినాడు. గరిటెలు అమ్మేదానికి శుక్రవారం వస్తాడు, అప్పుడిస్తాలే."

"మొదటి సగం మా కాడుంటే రెండోది ఆయనకెట్టా ఇస్తావయ్యా?"

"ఖాళీగా ఉండాది గదా, ఇచ్చినా!"

ఒళ్లు మండిపోయింది. అవ్వకు నెల్లూరులో కంటి ఆపరేషన్ గురువారం. "బల్ల మీదనే పానం పోతే? డాక్టర్ని చంపిందెవరో తెలీకుండా పోవాల్నా మే?" అంది. నవ్వుతూనే అంది కానీ నా చెయ్యి వదల్లేదు.

బుధవారం ఉదయం ఏడింటికి బస్సెక్కాను. దుత్తలూరు చుట్టి పోయే బస్సు, రెండున్నర గంటలు పట్టింది, టికెట్ పది రూపాయల్లోపే. కొంచెం ఆగి నేరుగా పోయే బస్సు ఎక్కాల్సింది, కోపంలో ఏది ముందొస్తే అది ఎక్కేశాను.

"కోట కాడికామ్మా?" అన్నాడు కండక్టరు.

"కాదన్నా, గరిటెల మస్తాన్ ఇంటికి."

"పెళ్లి సామాన్లకా?"

"హత్య కేసు" అన్నాను. దిగేదాకా మళ్లీ నన్ను పలకరించలేదు.

మస్తాన్ సాయబు వసారాలో కూర్చుని చెక్క గరిటె నున్నగా చెక్కుతున్నాడు. పక్కనే మా రెండో సగం, మీద చెక్కపొట్టు. పొట్టు దులిపి పుస్తకం చేతికి తీసుకున్నాను.

"తొంభై ఏడో పేజీ నుంచి మొదలైతే అనుమానం రాలేదా సాయబూ?"

"ఏం అనుమానమమ్మా? తెరవంగానే జీపు పరిగెత్తతా ఉండాది, తుపాకీ పేలతా ఉండాది. ఈ సీరీస్‌లో కతలన్నీ అట్టనే గదా మొదలయ్యేది!" అని ఉలి పక్కన పెట్టాడు. "కడాకు కాంపౌండరు దొరికినాడు. నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన. ఇంతకీ వాడు చంపింది ఎవర్ని?"

నేను నెత్తి కొట్టుకున్నాను. అంతదూరం వచ్చింది ఇది వినడానికా! అయినా ఆయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. టీ తాగుతూ మొదటి సగం మొత్తం చెప్పాను. డాక్టరు చచ్చిపోయాడని తెలిసి నిజంగానే బాధపడ్డాడు. పుస్తకంతోపాటు అవ్వకని ఒక గరిటె ఇచ్చాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, అన్నం కూడా తినకుండా చదవడం మొదలుపెట్టాను. నాకేమీ తెలియనట్టు, ఊపిరి బిగబట్టి, ఎంతో జాగ్రత్తగా చదివాను. ఇరవై పేజీలు కాకముందే అవ్వ చెయ్యి ఎత్తింది.

"కాంపౌండరేనా?"

"నీకెట్టా తెలుసు?"

"వాడి పేరు వచ్చినప్పుడల్లా నీ గొంతు తగ్గతా ఉండాది. దారిలో ఎవురో చెప్పేసినారు నీకు. సుబ్బయ్యను నరకానికి పంపమని ప్రార్థన చెయ్యకూడదు గానీ, చెయ్యాలనే ఉండాది."

మర్నాడు ధైర్యంగా ఆపరేషన్‌కు వెళ్లింది. చూపు వచ్చింది. ఆ తర్వాత ఒక్క నవల కూడా నా చేత చదివించుకోలేదు. "నీ గొంతుకు రహస్యం దాచడం చేతకాదు మే" అనేది. సుబ్బయ్య మీద నా కోపం ఇన్నేళ్లయినా తగ్గకపోవడానికి అసలు కారణం అది. ఆ సాయంత్రాలు నాకెంత ఇష్టమో అవి పోయాకే తెలిసింది. మీరు ఉదయగిరి వెళ్తే పొద్దున్నే కోట ఎక్కండి, దిగొచ్చి చెక్క గరిటెలు కొనుక్కోండి. గరిటెలు చేసేవాళ్ల పక్కన ఏదైనా నవల కనబడితే మాత్రం, ఆ కథ మీరు పూర్తిగా చదివి ఉంటేనే మాట కలపండి.