హాప్కిన్ ప్రోసర్ వీపు

గత శతాబ్దం తొలి ఏళ్ల మాట. వేల్స్‌లోని రోంథా లోయలో బొగ్గుగని మనిషి ఇల్లు చేరగానే పొయ్యి ముందు తొట్టిలో కూర్చుని తల, చేతులు, ఛాతీ శుభ్రంగా రుద్దుకునేవాడు. వీపు జోలికి మాత్రం ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నీళ్లు తగిలితే వెన్నుబలం పోతుందని తాతలనాటి నమ్మకం. హాప్కిన్ ప్రోసర్‌కి ఆ పట్టింపు మరీ ఎక్కువ. దుప్పట్లు ఉతకలేక చస్తున్నానని భార్య కైన్వెన్ ఎంత గొణిగినా చెవిన పెట్టేవాడు కాదు.

ఆ వీపుతోనే రగ్బీలో పేరు తెచ్చుకున్నాడు. ఎనిమిదిమంది భుజాలు కలిపి అవతలి ఎనిమిదిమందిని నెట్టే స్క్రమ్‌లో అతనిది ముందు వరుస. పదేళ్లు ఆడాక, ఎంపిక పోటీలో నెగ్గి వేల్స్ జట్టులో చోటు సంపాదించాడు. ఊరంతా సంబరపడింది, అతనొక్కడు తప్ప. పోటీ అయ్యాక అందరూ ఒకే తొట్టిలో దిగితే, కాలేజీ చదువు చదివిన జట్టువాడొకడు సబ్బు పెట్టి అతని వీపు తోమేశాడు. పాపం, మేలు చేశాననే అనుకున్నాడు ఆ మహానుభావుడు.

ఈ వెన్నుతో శనివారం స్కాట్లాండ్ మీద ఆటకి దిగితే మెడ విరగడం ఖాయమనుకున్నాడు హాప్కిన్. రాలేనని జట్టువాళ్లకి ఉత్తరం రాసి పెట్టాడు. కైన్వెన్ ఆదివారం బడిలో పిల్లలకి బైబిలు చెప్పే మనిషి. ఉత్తరం తీసి పొయ్యిలో పడేసి, అతని ఎదురుగా కూర్చుంది.

“కోప్పడకు. శనివారాలు తొట్టిలో కునుకు తీస్తావు కదా, అప్పుడు నీ వీపు మీద తడిగుడ్డ వేస్తుంటాను. మసి పోతే పట్టేస్తావని రుద్దలేదంతే. ఆరేళ్లుగా ఇదే పని. ఈ ఆరేళ్లలో గనిలో దుంగ ఎత్తలేని రోజు ఒక్కటి చెప్పు.”

హాప్కిన్ చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. శనివారం స్వాన్సీ వెళ్లి ఆడాడు. అతనున్న వైపు స్క్రమ్ అడుగు వెనక్కి వేయలేదు. ఆ తర్వాత మరో తొమ్మిదిసార్లు వేల్స్ చొక్కా తొడిగాడు. వీపు మాత్రం కైన్వెన్‌ని ముట్టుకోనివ్వలేదు. ఇంకా ఈ చాదస్తం ఏమిటో ఆమెకి అంతుపట్టలేదు.

ముసలితనంలో బొగ్గుదుమ్ము ఊపిరి తీసేస్తుంటే మంచం పట్టాడు. వీపు తుడవమని తనే అడిగాడు. తుడుస్తూ కైన్వెన్ కడుపులో మాట బయటపెట్టింది. ఆనాడు చెప్పింది అబద్ధమనీ, ఆ వీపు మీద తడిగుడ్డ వేయడం ఇదే మొదటిసారనీ చెప్పి ఏడ్చింది.

“తెలుసే. నా వీపు తడిస్తే నాకు తెలియదా?”

“మరి మెడ విరుగుతుందనుకుంటూనే ఎందుకు వెళ్లావు?”

“అబద్ధమాడొద్దని ఊరి పిల్లలందరికీ చెప్పేదానివి. నా కోసం నువ్వే అబద్ధమాడాక, వెళ్లకుండా ఎలా ఉంటాను?”